లక్క భరిణె మూత బిగిసే దాకా: చెక్క లేత్‌తో నా అనుభవం

చెల్లి పెళ్లికి నా చేత్తో చేసిన కుంకుమ భరిణె ఇవ్వాలనుకున్నాను. వైజాగ్‌లో మా ఇంటి షెడ్డులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న చెక్క లేత్, అంటే కర్రని గిరగిరా తిప్పుతుంటే ఉలితో చెక్కే మిషన్, ఉంది. పెళ్లికి నాలుగు నెలల టైముంది.

మొదటి నెలంతా మిషన్‌కే పోయింది. కర్ర బిగించి తిప్పితే బల్లంతా అదిరేది, ఉలి పెట్టిన చోటల్లా అలలు అలలుగా గీతలు పడేవి. నా చెయ్యి కుదరడం లేదనుకుని రోజుల తరబడి ఉలి పట్టే తీరు మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి ఒక ఆదివారం బెల్టు తీసేసి స్పిండిల్‌ని, అంటే కర్రని తిప్పే ఇరుసుని, చేత్తో తిప్పి చూస్తే, ఒక చోట సన్నగా గరగరమంది. బేరింగులు రెండూ మార్చాను. బెల్టు కూడా చాలాకాలం కదలకుండా ఉండి, పుల్లీల మీద వంగిన వంపులోనే గట్టిపడిపోయింది. అదీ కొత్తది వేశాను. స్పిండిల్ రంధ్రంలో ఎండిన పొట్టు అట్టకట్టి ఉంటే, పుల్లకి గుడ్డ చుట్టి తుడిచాకే సెంటర్, అంటే కర్రని పట్టుకునే మొన, తిన్నగా కూర్చుంది. కర్ర రెండో కొసని పట్టే టెయిల్‌స్టాక్‌ని ముందుకు జరిపి రెండు మొనలూ ఎదురెదురుగా కలుస్తున్నాయో లేదో చూసుకున్నాను. తర్వాత స్పిండిల్ ఉండే హెడ్‌స్టాక్ మీద అయిదు రూపాయల బిళ్ళ నిలబెట్టి స్విచ్ వేశాను. బిళ్ళ పడలేదు.

మా ఊరి ఉప్పుగాలికి ఇనుప బెడ్, అంటే లేత్ కింది పట్టా, వారంలోనే తుప్పు పడుతుంది. నూనె రాస్తే దానికి పొట్టు అంటుకుంటుంది. అందుకని సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, మైనం పట్టించి గుడ్డతో తుడుస్తాను.

తర్వాత ఉలి. ఒకరోజు గుండ్రటి ఉలి కర్రలో దిగబడి, ముక్క ఊడొచ్చి ఫేస్ షీల్డ్‌కి తగిలింది. షీల్డ్ లేకపోతే ఏమయ్యేదో! కర్ర సన్నబడుతున్నా, ఉలిని ఆనించే టూల్ రెస్ట్‌ని దగ్గరికి జరపలేదు, పైగా ఉలి అంచునే ముందు ఆనించాను. ఇప్పుడు కర్రకీ రెస్ట్‌కీ మధ్య 3 మిల్లీమీటర్లకి మించి సందు ఉంచను. మిషన్ ఆపాకే రెస్ట్ జరుపుతాను, చేత్తో ఒక చుట్టు తిప్పి చూశాకే స్విచ్ వేస్తాను. ఉలి సానబట్టిన ఏటవాలు ముందు కర్రకి ఆనాలి, తర్వాత పిడి మెల్లగా లేపితే అంచు తెగడం మొదలవుతుంది. పదును సరిగా ఉంటే పేళ్లు రిబ్బన్లలా వస్తాయి. పొడి రాలుతోందంటే సానరాయి దగ్గరికి వెళ్లాల్సిందే. వేగానికి టర్నర్ల లెక్క ఒకటుంది. కర్ర వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6000కీ 9000కీ మధ్య రావాలి. ఇది గుండ్రమైన కర్రకి. పలకల కర్రని అంతకంటే బాగా తక్కువలో మొదలుపెట్టాలి.

లక్క పని చూడటానికి యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక వెళ్లాను. 2023లో పద్మశ్రీ అందుకున్న సి.వి.రాజు గారు సహజ రంగులకి మళ్లీ ప్రాణం పోసిన ఊరది. కుంకుమ పెట్టుకునే వస్తువుకి రసాయన రంగు నాకు ఇష్టం లేదు. ఒక పెద్దాయన అంకుడు కర్ర తిప్పుతూ లక్క కడ్డీ ఆనించారు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టులా పరుచుకుంది. పైన ఎండిన మొగలి ఆకు ఒత్తగానే మెరుపు వచ్చేసింది. నేను ప్రయత్నిస్తే లక్క ముద్దలు కట్టింది.

"బాబూ, నొక్కీకండి. కర్రే తీసుకుంటాది," అన్నారు.

కొంచెం అంకుడు కర్ర, జాఫ్రా గింజల రంగు కలిపిన లక్క కడ్డీలు తెచ్చుకున్నాను.

మొదటి భరిణె ఒక్కరోజులో పూర్తిచేశాను. వారానికి మూత ఇరుక్కుపోయింది. కర్ర లోపల ఇంకా ఆరలేదు. ఆరేటప్పుడు కర్ర అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు, అందుకే గుండ్రటిది కోలగా మారింది. రెండోసారి గోడ మందంగా వదిలి లోపలా బయటా తొలిచి, కాగితం సంచిలో పెట్టి, రెండు రోజులకోసారి వంటింటి త్రాసు మీద తూచాను. మూడు వారాలకి బరువు తగ్గడం ఆగింది. అప్పుడు మూత లోపలి భాగం ముందు పూర్తిచేసి, కింది భాగం మెడని దానికి సరిపోయేలా తీశాను. వెంట్రుకవాసి చొప్పున తీయడం, మిషన్ ఆపడం, మూత పెట్టి చూడటం. ఇలా పదిహేనుసార్లు పైనే చేసుంటాను. మెడకి లక్క వేయలేదు, వేస్తే బిగుతు మారిపోతుంది.

పెళ్లికి రెండు రోజుల ముందు అమ్మ చేతికిచ్చాను. మూత లాగితే 'టప్' మని సన్నటి చప్పుడు వచ్చింది. అమ్మ మళ్లీ మూత పెట్టి, మళ్లీ తీసి, చెవి దగ్గర పెట్టుకుని వింది.