టవర్‌కి రెండో దెబ్బే కనిపిస్తుంది: స్ట్రీట్ స్టాక్ అప్పీలు, నా అనుభవం

కారు రేసులో మా డ్రైవర్‌కి పడిన శిక్ష మీద అప్పీలు చేశాం, దాని తీర్పు నిన్న సాయంత్రం మెయిల్‌లో వచ్చింది. రెండు రేసుల సస్పెన్షన్ తీసేసి, సీజన్ ఆఖరు దాకా ప్రొబేషన్‌లో పెట్టారు. పోయిన పాయింట్లు రాలేదు, ఆ రాత్రి ప్రైజు డబ్బులు రాలేదు, అప్పీలు ఫీజు కూడా మాది కాకుండా పోయింది. అయినా వచ్చే శనివారం కారు ట్రాక్ మీదికి ఎక్కుతుంది. కోపం చల్లారితే సగం మర్చిపోతాను కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రం షార్లెట్ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ చేసుకునే మన వాళ్ళు వేలల్లో ఉన్నారు గానీ, గంట దూరంలో శనివారం రాత్రి జరిగే పావు మైలు ట్రాక్ రేసులకి వెళ్ళేవాళ్ళు వేళ్ళ మీద లెక్క. 2010లో మన ఫార్ములా వన్ డ్రైవర్ నారాయణ్ కార్తికేయన్, ఇక్కడి పెద్ద రేసులు నడిపే నాస్కార్ సంస్థ ట్రక్ సిరీస్‌లో నడిపినప్పుడు కాస్త చప్పుడయింది, అంతే. మాది స్ట్రీట్ స్టాక్ కారు, అంటే మామూలు రోడ్డు కారుని రేసుకి మార్చుకున్నది. ఆఫీసులో తోటివాడితో కలిసి ఖర్చు పంచుకుంటాను, రేసప్పుడు స్పాటర్‌గా, అంటే పైనుంచి చూసి డ్రైవర్‌కి రేడియోలో చెప్పేవాడిగా నిలబడతాను. నడిపేది వాళ్ళబ్బాయి.

గొడవ ఇదీ. మూడో మలుపులోకి మా వాడు కారు తిప్పుతుండగా వెనక కారు లోపలి నుంచి ముక్కు దూర్చింది. ఆ ముక్కు మా డోర్ దాకా రాలేదు, వెనక చక్రం దగ్గరే తగిలింది. మా కారు గిర్రున తిరిగి ఆగిపోయింది, పసుపు జెండా ఊపారు, అంటే అందరూ వేగం తగ్గించి వరుసలో వెళ్ళాలి. మా ట్రాక్ నిబంధన ప్రకారం జెండాకి కారణమైన కార్లన్నీ వరుస చివరికి వెళ్ళాలి, తప్పెవరిదైనా సరే. ఇక్కడిదాకా నాకు పేచీ లేదు. చివరికి వెళ్తూ ఉండగా, పసుపు జెండా కిందే, ఎదుటి కారు మా పక్కకొచ్చి కుడి డోర్‌కి గుద్దింది. మా వాడు కిటికీ వల దించి చెయ్యి ఊపాడు. టవర్‌లో కూర్చుని రేసు చూసే అధికారుల కంటపడింది ఆ చెయ్యీ, అంటుకుని ఉన్న రెండు కార్లూ. మా వాడికి నల్ల జెండా (ట్రాక్ వదిలి రమ్మని), ఆ రాత్రికి డిస్‌క్వాలిఫై, రెండు రేసుల సస్పెన్షన్. ఎదుటివాడు చివరి నుంచి మొదలుపెట్టి అయిదో స్థానంలో ముగించి డబ్బులు తీసుకుని ఇంటికెళ్ళాడు.

అధికారుల వైపు నుంచి కూడా చెప్పాలి. నాస్కార్‌లో పై మెట్టయిన కప్ సిరీస్‌లో ఇలాంటిది జరిగితే స్టీరింగ్ ఎంత తిరిగింది, బ్రేకు ఎప్పుడు పడింది, అన్నీ డేటాలో దొరుకుతాయి. 2022 లాస్ వేగస్‌లో కైల్ లార్సన్‌ని గోడకి కొట్టిన బబ్బా వాలెస్‌కీ, 2023 షార్లెట్‌లో డెనీ హ్యామ్లిన్‌ని తిప్పిన చేస్ ఎలియట్‌కీ ఒక్కో రేసు సస్పెన్షన్ పడింది. రెండు చోట్లా తగిలింది కుడి వెనక మూల. ఎడమకి తిరిగే ఓవల్‌లో ఎడమ వెనక మూల తగిలితే ముక్కు లోపలికి తిరిగి, ఎక్కువసార్లు గడ్డిలోకి పోతుంది. కుడి వెనక మూల తగిలితే ముక్కు బయటికి తిరిగి కారు నేరుగా గోడని ఢీకొంటుంది. అందుకే దానికి శిక్ష ఎక్కువ. మా ట్రాక్‌లో ఇలాంటి డేటా ఏదీ లేదు. టవర్‌లో రేస్ డైరెక్టరు, ఒక స్కోరరు, జెండా మనిషి, మలుపుల దగ్గర ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకతను అప్పుడు టో ట్రక్కుకి దారి చూపిస్తున్నాడు. ఎవరికైనా మొదటి దెబ్బ తప్పిపోతుంది. చప్పుడు విని తల తిప్పేసరికి కనబడేది రెండోదే.

అందుకని వాళ్ళని పూర్తిగా తిట్టలేను. నాకు మంట పుట్టించింది ఆ తర్వాతి తంతు.

రేసు అయ్యాక ఇద్దరు డ్రైవర్లనీ కార్లు తనిఖీ చేసే టెక్ షెడ్డు పక్కనున్న ట్రెయిలర్‌లోకి పిలిచారు. నేను ఫోన్‌లో వీడియోతో, నిబంధనల పుస్తకంతో వెళ్ళాను. గుమ్మం దగ్గర పిట్ (జట్లు కార్లు పెట్టుకునే చోటు) చూసే అధికారి, పిట్ స్టీవర్డు, ఆపాడు. పుస్తకంలో ఉన్నదే చెప్పాడు లెండి: జట్టు తరఫున మాట్లాడే హక్కు డ్రైవర్‌ ఒక్కడికే, జట్టులో ఎవరు నోరు జారినా శిక్ష డ్రైవర్‌కే. కానీ చెప్పిన తీరు వేరు. పిట్ పాస్ చూపించమన్నాడు. చూపిస్తే లిస్టులో నా పేరు ఏ స్పెల్లింగుతో ఉందో అక్షరం అక్షరం వెతికాడు. ఎదుటి డ్రైవరు బాబాయి మాత్రం అదే ట్రెయిలర్‌లో లోపల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయనెవరని అడిగితే "ఆయన మా టైర్లు చూస్తాడు" అన్నాడు. అంటే ఆయన ఆ రాత్రి ట్రాక్ తరఫున టైర్లు తనిఖీ చేసే మనిషి. వాళ్ళ అన్న కొడుకు అదే క్లాసులో నడుపుతాడు. ఇది ఒక్క మా ట్రాక్ సంగతి కాదు. వారానికోసారి జరిగే రేసులకి జీతం మీద మనుషుల్ని పెట్టుకునే స్థోమత ఉండదు, పనిచేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల కుటుంబాల వాళ్ళే. సంక్రాంతికి బండలాగుడు పోటీల్లో టేపు పట్టుకున్నవాడిది ఏ ఊరని ముందే అడుగుతారు చూడండి, ఇక్కడ ఆ పాటి అడిగే అలవాటు కూడా లేదు.

అక్కడికక్కడే కాగితం మీద ప్రొటెస్టు రాసి, నగదు జోడించి ఇచ్చాను. స్టీవర్డు చదవకుండానే తిప్పి ఇచ్చాడు. ప్రొటెస్టు అనేది ఎదుటి కారు ఇంజన్‌లోనో, షాక్ అబ్జార్బర్లలోనో తేడా ఉందని విప్పి చూపించమని అడగడానికట, నడిపిన తీరు మీద ప్రొటెస్టు ఉండదట. సరే, అప్పీలు చేస్తామన్నాం. ట్రాక్ మీద అధికారి కంటితో చూసి ఇచ్చిన నిర్ణయం మీద అప్పీలు ఉండదన్నాడు. మరి సస్పెన్షన్ మీద? దానికి భుజాలెగరేసి ఆఫీసులో కనుక్కోమన్నాడు. ఆఫీసు మళ్ళీ సోమవారమే. మాతో టైర్లు మార్చే గుంటూరు కుర్రాడు, "అన్నా, ఇదేమన్నా మండలాఫీసా, ఈ కిటికీ కాదు ఆ కిటికీ అనడానికి?" అన్నాడు. నవ్వు రాలేదప్పుడు.

సోమవారం నుంచి ఆ పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ తిరగేస్తే అసలు విషయం తెలిసింది. ఇది తెలియక ఎన్ని జట్లు ఫీజు కాల్చుకున్నాయో. అధికారి చూసి చెప్పింది ఒకటి, దాని మీద వేసిన శిక్ష ఇంకొకటి. "వాడు ముందు గుద్దాడు" అని రాస్తే మొదటి వాక్యంలోనే కొట్టేస్తారు, అది అధికారి చూపు మీద పేచీ కనక. "మీరు చెప్పిన తప్పు ఫలానా సెక్షన్‌లో ఉంది, దానికి రాసి ఉన్న శిక్ష ఇది, మీరు వేసింది అది కాదు" అని రాస్తే చదివి తీరాలి. మాకిచ్చిన శిక్ష కాగితంలో తప్పు పేరు "క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన సైగ" అని ఉంది. దానికి పుస్తకంలో మొదటిసారికి జరిమానా, ప్రొబేషన్. సస్పెన్షన్ ఉన్నది పసుపు జెండా కింద గుద్దినందుకు. మా వాడు గుద్దాడని వాళ్ళ కాగితమే ఎక్కడా అనలేదు. గెలిచిందల్లా ఆ ఒక్క ముక్క మీదే.

పసుపు జెండా కింద గుద్దితే ఎందుకంత కఠినం అని అడిగేవాళ్ళకి: అప్పుడు ట్రాక్ మీద మనుషులుంటారు. 2014 ఆగస్టు 9న న్యూయార్క్ రాష్ట్రం కానన్‌డెగువా ట్రాక్‌లో కారు దిగి నడిచొచ్చిన కెవిన్ వార్డ్ జూనియర్, నాస్కార్ చాంపియన్ టోనీ స్టీవార్ట్ కారు తగిలి చనిపోయాడు. ఆ తర్వాత వారంలోనే నాస్కార్ నిబంధన తెచ్చింది: నిప్పో పొగో ఉంటే తప్ప, సిబ్బంది వచ్చి చెప్పేదాకా కారు దిగకూడదు. మీ డ్రైవర్‌కి ఎంత ఒళ్ళు మండినా బెల్టులు విప్పనివ్వకండి. దిగాడా, మీ దగ్గర ఎన్ని ఆధారాలున్నా కేసు అక్కడే పోయింది.

ఆధారాల్లో పనికొచ్చింది డోర్ మీది నల్లటి టైరు మచ్చ. ముందు చక్రం పక్కకి తిరిగినప్పుడే దాని అంచు ఫెండర్ దాటి బయటికొస్తుంది. మా కుడి డోర్ మీద గుండ్రటి మచ్చ ఉంది, వాళ్ళ ఎడమ డోర్ శుభ్రంగా ఉంది. మేమే వాళ్ళ మీదికి తిప్పి ఉంటే మా కుడి ముందు టైరు మచ్చ వాళ్ళ డోర్ మీద ఉండాలి. వాళ్ళ కారు ఫోటో ట్రెయిలర్ ఎక్కించకముందే, మన పిట్‌లోనే నిలబడి, దూరం నుంచి తీయండి. వాళ్ళ పిట్‌లో అడుగుపెడితే అదో కొత్త నేరం. మచ్చ పోయిన వారానిది కాదని నిరూపించడానికి, ప్రతి శనివారం టెక్ లైన్లో నిలబడ్డప్పుడే కారు నాలుగు వైపులా ఫోటో తీసుకోవాలి, టైము కనబడేట్టు.

వీడియో ముక్కలు కత్తిరించి ఇవ్వకండి. గొడవకి ముందు రెండు ల్యాపులు, తర్వాత రెండు ల్యాపులు కలిపి, ఆపకుండా ఉన్నది ఇవ్వండి. పది సెకన్ల ముక్క ఇస్తే ముందేం దాచారని అడుగుతారు. కెమెరా బిగించడానికి ముందు టెక్ వాళ్ళతో సరేననిపించుకోవాలి, అనుమతి లేని కెమెరాలోది చూడరు. మా కెమెరా వెనక్కి చూసేది కనక మూడో మలుపు దెబ్బ చక్కగా పడింది, పక్క నుంచి వచ్చిన దెబ్బ పడలేదు. ఇప్పుడు కుడి వైపు రోల్ కేజ్ (డ్రైవర్ చుట్టూ ఉండే ఇనప చట్రం) గొట్టానికి రెండోది బిగించాం.

రేడియో సంగతి జాగ్రత్త. డ్రైవర్ చెవిలోని రేస్‌సీవర్‌లో టవర్ మాట వినిపించడమే తప్ప ఇతను తిరిగి మాట్లాడలేడు. స్పాటర్‌తో మాట్లాడే రేడియో వేరు, అది స్కానర్ ఉన్న ఎవడైనా వింటాడు. 2024 ఆగస్టులో రిచ్‌మండ్‌లో ఆస్టిన్ డిల్లన్ ఆఖరి మలుపుల్లో జోయీ లొగానోనీ హ్యామ్లిన్‌నీ తిప్పి గెలిచాడు. గెలుపు ఉంచారు గానీ దానితో ప్లేఆఫ్‌కి (సీజన్ చివర టైటిల్ పోరుకి) అర్హత రాదన్నారు, అప్పీలు చేసినా నిలవలేదు. కొట్టెయ్యమని రేడియోలో అరిచిన స్పాటర్‌ని కూడా సస్పెండ్ చేశారు. కాబట్టి పైన నిలబడేవాళ్ళు బూతులు మింగండి. నేను ఆ రాత్రి అన్నది "వదిలెయ్, చివరికి పో, లైను పట్టు" అని మాత్రమే. విచారణలో ఆ రికార్డింగే వినిపించాను, ఈ విషయంలో నా గురించి నేను కాస్త గొప్పగానే చెప్పుకుంటా.

విచారణ అనేది పావుగంట ఫోన్ కాల్. అవతల ముగ్గురు. మొదట నేను అడిగింది టైర్ల బాబాయి ఆ ముగ్గురిలో ఉన్నాడా అని. లేడన్నారు, ఆ మాట మెయిల్‌లో రాసిమ్మన్నాను, ఇచ్చారు. కేసు గురించి మాట్లాడింది మాత్రం అబ్బాయే, ముందే కాగితం మీద ఆరు వాక్యాలు రాసిచ్చాను. ఎదుటి డ్రైవర్ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తితే వాళ్ళు వెంటనే "అతని శిక్ష మీకు సంబంధం లేదు" అంటారు, మాట అక్కడే తెగిపోతుంది.

ఇంకో పాపం కూడా చెప్పాలి. ట్రాక్ నడిపి టికెట్లు అమ్ముకునే ప్రమోటర్‌కి గొడవ చేదు కాదు. విన్‌స్టన్-సేలంలో ఫుట్‌బాల్ మైదానం చుట్టూ 1949 నుంచి నాస్కార్ రేసులు నడుస్తున్న బౌమన్ గ్రే పావు మైలు ట్రాక్‌కి "మ్యాడ్‌హౌస్" అన్న పేరే ప్రచారం, సీట్లు నిండుతాయి. మిగతా చిన్న ట్రాకుల వాళ్ళకీ ఆ జనం మీద కన్ను. గుద్దుకున్న వీడియోని సోమవారం ప్రకటనలో వాడుకుని, అదే గుద్దుడుకి మంగళవారం సస్పెన్షన్ కాగితం పంపితే డ్రైవర్లకి ఏం అర్థం కావాలి? శిక్షలన్నీ ప్రతి వారం పేరూ సెక్షనూ రాసి పిట్ గేటు దగ్గర అంటించమని నేను అడిగాను. చూస్తామన్నారు. చూడరు.

ఇక డబ్బు సంగతి. మా దగ్గర అప్పీలు ఫీజు రెండు వందల డాలర్లు, చెక్కు తీసుకోరు. కాగితం కారు యజమానిదో స్పాటర్‌దో కాదు, లైసెన్సు ఉన్న డ్రైవర్ సంతకంతోనే ఉండాలి, మంగళవారం సాయంత్రం అయిదు లోపు చేతికివ్వాలి. మెయిల్ చేస్తే చేరలేదంటారు. ఆఫీసులో కూర్చునే స్కోరరమ్మ మంచిది, అడక్కుండానే తేదీ, టైము వేసి సంతకం పెట్టిచ్చింది. ఆవిడ లేని రోజు వెళ్తే ఆ సంతకం పడేదాకా నోట్లు చేతిలోంచి వదలకండి.