ఎండకు గుత్త

నాకు ఏలినాటి శని నడుస్తోందని మా అమ్మకు ఎవరో చెప్పారు. ఆ మాట విన్న మూడో రోజే నా చేతిలో నువ్వుల నూనె సీసా పెట్టి, "శనివారం పావగడకు పోయి దీపం పెట్టిరా, అట్లే మీ పిన్నమ్మను కూడా చూసిరా" అంది. పావగడ శనిమహాత్ముడంటే మా అనంతపురం వైపు చాలామందికి గురి. నాకు మాత్రం ఆ ప్రయాణం మీద వేరే ఆశ ఉంది. జూనియర్ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఏటా బోర్డు మీద సోలార్ సెల్ బొమ్మ గీసి, ఇది పీ పొర, ఇది ఎన్ పొర అని చెప్పి చెరిపేస్తాను. అదే సెల్‌ను 13,000 ఎకరాల్లో పరిచిన పావగడ సోలార్ పార్కు పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరుకునేంత దూరంలోనే ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ పోలేదు.

పెనుకొండలో దిగి ఉగ్గాని, బజ్జి తిని పావగడ బస్సెక్కాను. ఆరుద్ర కార్తె. వాన ఇంకా పడలేదు. రోడ్డుకు రెండు పక్కలా ఎర్రమన్ను దున్ని పెట్టి ఉంది. విత్తనం చెనక్కాయలు ఇంట్లో, చూపులు మబ్బు మీద. రొద్దం దగ్గర పెన్న దాటాం. పెన్న అంటే నెల్లూరు వాళ్ల కళ్లముందు ఏం మెదులుతుందో గానీ, మాకు మెదిలేది ఇసుక, కంపచెట్లు. ఆ తర్వాత ఎక్కడో రాష్ట్రం మారింది. కిలోమీటరు రాళ్ల మీద అక్షరాలు కన్నడమైపోయాయి, బస్సులో తగాదా మాత్రం తెలుగులోనే సాగుతోంది. పావగడ తుమకూరు జిల్లా తాలూకానే అయినా మూడు వైపులా ఆంధ్రానే. బడి కన్నడం, బజారు సగం సగం, ఇల్లు తెలుగు.

గుడిలో పని పది నిమిషాల్లో అయిపోయింది. ప్రదక్షిణ చేస్తుంటే ఒక మాట తట్టి నాలో నేనే నవ్వుకున్నాను. శనీశ్వరుడు సూర్యుడి కొడుకు, తండ్రీ కొడుకులకు పడదంటారు. కొడుకు వెలసిన ఊరి పక్కనే తండ్రిని గుత్తకిచ్చేశారు.

చిన్నాయన టీవీఎస్ బండి వేసుకుని బస్టాండుకు వచ్చాడు. అరవై ఐదు దాటాయి, బండి తోలడం మాత్రం పాతికేళ్ల వాడిలా. "ముందు ఇంటికా, ప్లేట్ల కాడికా?" అన్నాడు. నా మొహం చూసి జవాబు కోసం ఆగలేదు. అక్కడ ఎవరూ ప్యానెల్ అనరు, ప్లేట్లంటారు. పార్కు అనే మాట కూడా కాగితాల మీదే. ఊళ్లో అది ప్లాంటు.

చూడగానే కళ్లు జిగేలుమంటాయనుకున్నాను. ఆ రోజు మబ్బు. ప్లేట్లన్నీ తుడవని పలకల్లా బూడిదరంగులో ఉన్నాయి. నన్ను ఆశ్చర్యపరచింది ప్లేట్లు కాదు, కంచె. బండి పోతూనే ఉంది, కంచె వస్తూనే ఉంది. దాని వెనక వరసల మీద వరసలు, మధ్యలో చిన్న గదుల్లాంటి ఇన్వర్టర్లు, సన్నగా తేనెటీగల మోత. యాభై మెగావాట్ల చొప్పున ముక్కలు చేసి కంపెనీలకు ఇచ్చారు. ఒక ముక్క అయిపోయి ఇంకొకటి మొదలైందని గేటు బోర్డు మారితేనే తెలుస్తుంది. తిరుమణి, బలసముద్రం, వళ్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ ఐదు ఊళ్ల పొలాలు కలిపితే ఇంత. పేర్లు వింటే నీళ్లకు కొదవలేని సీమ అనిపిస్తుంది. 2015లో మాటలు మొదలయ్యాయి, 2018 మార్చిలో మొదటి భాగం ప్రారంభమైంది, 2019 చివరికి 2,050 మెగావాట్లూ పూర్తయ్యాయి. ప్రపంచంలోనే పెద్ద వాటిలో ఒకటని కొన్నాళ్లు పత్రికలు రాశాయి, తర్వాత రాజస్థాన్ భడ్లా దాన్ని దాటేసింది.

గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి చిన్నాయనకు తెలిసినవాడే. నేను ఫిజిక్స్ సారునని చెప్పగానే అడిగాడు: "సార్, ఎండ ఎంత మండితే అంత ఎక్కువ కరెంటు కదా?" మా పిల్లలూ పరీక్షలో ఇదే రాస్తారు. కావలసింది వెలుతురు, వేడి కాదు. ప్లేటు ఒంటి వేడి 25 డిగ్రీలు దాటాక, పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి వంద రూపాయలకు నలభై పైసల వంతున తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం మనకెంత కష్టమో దానికీ అంతే. అబ్బాయికి నమ్మకం కుదరలేదు. "మరి ఈ కరువు సీమలోనే ఎందుకు పెట్నారు?" అన్నాడు. వెలుతురుండే రోజులు ఎక్కువని, చౌకగా ఒకే చోట భూమి దొరికిందని చెప్పాను. చౌక అనే మాట దగ్గర చిన్నాయన నా వైపు చూశాడు.

అసలు సంగతి ఆ చౌకలోనే ఉంది. ఇక్కడ భూమిని కొనలేదు, గుత్తకు, అంటే కౌలుకు తీసుకున్నారు. 28 ఏళ్లు, మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి నూటికి ఐదు పెంపు. మన కర్నూలు వైపు గని, శకునాల అనే ఊళ్ల దగ్గర కట్టిన 1,000 మెగావాట్ల పార్కుకు భూమిని సేకరించే తీసుకున్నారు, ఇచ్చినవాడికి ఇక దానితో పని లేదు. దాంతో పోలిస్తే ఇది మెరుగేనని నా అభిప్రాయం. పట్టా చేతిలోనే ఉంటుంది. చిన్నాయనకు ఏడెకరాలు. "వానను నమ్ముకుని చెనక్కాయ ఏస్తే ఐదేండ్లలో ఒకేడు పండేది. ఆ ఒక్కేడు పంట నాలుగేండ్ల అప్పుకు పోయేది. నాలుగు బోర్లు ఏస్తి, మూడిట్లో దుమ్మే వచ్చె. ఇప్పుడు పండినా ఎండినా నా దుడ్డు నాకు పడతాండాది" అన్నాడు. ఆ లెక్కలో తప్పు పట్టేందుకు నాకేం దొరకలేదు. నెల జీతం తీసుకునేవాణ్ని, వానకు దడుచుకునే బతుకు ఎలాంటిదో ఆయన చెబితేనే నాకు తెలియాలి.

కంచె మలుపులో ఒక గొర్రెల మంద ఎదురైంది. మంద అనకూడదేమో, ముప్పై ఉంటాయి. కాచే ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. చిన్నాయన "మావా" అని పలకరించాడు. ఒకప్పుడు రెండు వందల జీవాలుండేవట. పంట కోసిన చేలల్లో, బీళ్లలో తిరిగేవి. ఇప్పుడు బీడు లేదు, చేను లేదు, రోడ్డు అంచు గడ్డి ఉంది. ఆయన పేరున సెంటు భూమి లేదు, కాబట్టి గుత్త లేదు. ఎండ అందరి మీదా పడుతుంది గానీ, దాని ధర మాత్రం పహణిలో, అంటే భూమి రికార్డులో పేరున్నవాడికే వస్తుంది.

నేను ఊరుకోక, "ఆస్ట్రేలియాలో ఇట్లాంటి ప్లేట్ల కిందనే గొర్రెల్ని మేపనిస్తారు తాతా, గడ్డి కోసే ఖర్చు తగ్గుతుందని" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించాడు.

"ఆడ గొర్రెలు కూడా వాళ్లవేనేమోలే నాయనా."

మేకల్ని మాత్రం సాధారణంగా రానివ్వరని, ప్లేట్ల మీదికెక్కుతాయని, వైర్లు నములుతాయని చెప్పాను. దానికి మాత్రం ఆయన గట్టిగా నవ్వాడు. తర్వాత కర్రతో తూర్పు దిక్కు చూపించాడు. రామగిరి కొండల మీద గాలిమరలు. మా పాత అనంతపురం జిల్లావే. తొంభైల్లోనే అక్కడ మొదటి మరలు పెట్టారు, చిన్నప్పుడు ధర్మవరం పోతూ బస్సు కిటికీలోంచి లెక్కపెట్టేవాళ్లం. ఆ రోజు గాలికి అవి గిరగిరా తిరుగుతున్నాయి. "ఆ ఫ్యాన్ల కింద ఎంతన్నా మేపుకోవచ్చు. ఈ ప్లేట్ల కిందికి పోనీరు. రెండూ కరెంటే కదా" అన్నాడు.

ఇది పాఠ్యపుస్తకంలో లేని తేడా. గాలిమర గాలిలో ఎంత జాగా తీసుకున్నా నేల మీద దిమ్మె, దారి తప్ప మిగతాది వదిలేస్తుంది. ప్లేటు తను పరుచుకున్న నేలనంతా తీసుకుంటుంది. ఇక్కడ ఒక మెగావాటుకు ఆరెకరాల పైనే పడింది. ఆయన చూపించిన దాంట్లో ఇంకో సంగతి కూడా ఉంది. మబ్బు కమ్మి ఈ పక్క ప్లేట్లు నీరసంగా ఉన్న పూటే ఆ పక్క ఆషాఢ గాలికి మరలు పరుగెడుతున్నాయి. నైరుతి నాలుగు నెలలు గాలిది, వేసవి ఎండది. రెండింటినీ జత కట్టాలని ఇంజనీర్లు చెప్పేది ఇందుకే.

ఇంటికి చేరేసరికి మూడు దాటింది. పిన్నమ్మ రాగిసంగటి, ఊరిబిండి పెట్టింది. మా మాటలు విని పక్కింటి ఆమె వచ్చి గడప మీద కూర్చుంది. ఆమెకూ భూమి లేదు. "ముందు కలుపుకు పిలిచేటోళ్లు, కట్టె పీకను పిలిచేటోళ్లు, కాయ వలచను పిలిచేటోళ్లు. సీజనంతా పనే. ఇప్పుడు ప్లేట్ల కింద గడ్డి పీకను, ప్లేట్లు కడగను పిలుస్తారు, అదీ పదిమంది కావల్సిన చోట ఇద్దర్నే" అంది. ఆమె ఇద్దరు కొడుకులూ బెంగళూరులో కట్టుబడి పనికి పోయారు. ఇక్కడి కరెంటు కూడా పెద్ద లైన్లెక్కి అటే పోతుంది.

తర్వాత మాట ప్లేట్లు కడగడం మీదికి మళ్లింది. ఎర్రమట్టి దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి తగ్గుతుంది, కడగక తప్పదు. ఉప్పునీళ్లతో కడిగితే అద్దం మీద తెల్లని మరకలు కడతాయి, అందుకే మెత్తని నీళ్లు కావాలని నేను వివరించాను. పావగడ బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎంతో ఆ తాలూకాలో ఎవరినడిగినా చెబుతారు, ఎవరి పళ్లు చూసినా తెలుస్తుంది. పిన్నమ్మ సంగటి ముద్ద తుంచుతూ, "ప్లేట్లకు మరకలు పడగూడదా? మన పండ్లకు పడితే ఫరవాలేదా?" అంది. గడప మీది ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నీళ్లు లేకుండా బ్రష్షులతో తుడిచే యంత్రాలు వచ్చాయని చెప్పబోయి ఆగిపోయాను. అవి వస్తే కడగడానికి ఆ ఇద్దరికీ పిలుపు ఉండదు.

రాత్రి అరుగు మీద చిన్నాయన కాగితం, పెన్ను తెచ్చి ముందుపెట్టాడు. "చౌక అంటివే, ఎంత చౌకో ఏసి చూపీ." వేశాను. మెగావాటుకు 6.3 ఎకరాలు, ఎకరాకు 21 వేలు, అంటే ఏడాదికి లక్షా ముప్పై రెండు వేల చిల్లర. ఈ సీమ ఎండకు ఒక మెగావాటు ఏడాదికి సుమారు 17 లక్షల యూనిట్లు తీస్తుంది. భాగిస్తే యూనిట్‌కు ఎనిమిది పైసల లోపు. 2016 వేలంలో ఈ పావగడ కరెంటు యూనిట్ ధర 4 రూపాయల 80 పైసల దగ్గర నిలిచింది. చిన్నాయన ఆ ఎనిమిది పైసల కింద రెండు గీతలు గీశాడు. నేను న్యాయంగానే ఇంకో లెక్క కూడా చెప్పాను. ప్లేట్ల ధర పడిపోయి 2020 చివర గుజరాత్ వేలంలో యూనిట్ 1 రూపాయి 99 పైసలకు దిగింది, నీ గుత్త మాత్రం దిగలేదు, ఎక్కుతూనే ఉంటుంది. 28వ ఏడు నాటికి ఎకరాకు నలభై వేలకు కాస్త తక్కువ వస్తుంది. "ఆ పొద్దుకు నలభై వేలకు ఏమొస్తాదో. ఇంగ నేనుంటే కదా" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మబ్బు విడిచి చుక్కలు కనిపిస్తున్నాయి. ఏడున్నర. బెంగళూరులో, హైదరాబాదులో అందరూ ఇళ్లకు చేరి లైట్లు, టీవీలు, ఏసీలు వేసుకునే వేళ. ఇక్కడ 13,000 ఎకరాలూ నిద్రపోతున్నాయి. "రేతిరి కరెంటు యాడ్నుంచి తెస్తారు?" అన్నాడు చిన్నాయన. బొగ్గు నుంచి, డ్యాముల నుంచి. ఇప్పుడిప్పుడే బ్యాటరీలు. ఇంకొక దారి మన నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఉంది: గుట్ట మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి తోడతారు, రాత్రి కిందికి వదిలి చక్రం తిప్పుతారు. 1,680 మెగావాట్లు. "అంటే నీళ్లను అప్పు పెట్టుకోడం" అన్నాడు ఆయన. పద్దెనిమిదేళ్ల నా పాఠం కంటే ఆ ముక్క బాగుంది. కాలేజీలో వాడుకుంటానని చెప్పాను.

ఇక్కడ కరెంటు పోతే దీపం కింద చీకటి అని రాసుకోవచ్చని కాసేపు కాచుకుని కూర్చున్నాను. పోలేదు.

మర్నాడు పొద్దున పిన్నమ్మ వేయించిన చెనక్కాయల సంచి ఒకటి నా బ్యాగులో కుక్కింది. చిన్నప్పుడు సెలవులకు వచ్చి పోయేటప్పుడు ఆమె చేలోని కాయల మూట మాతో పాటే బస్సెక్కేది, ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఇది కిలో ఉంటుందేమో. నేను ఏమీ అడగకుండానే చెప్పింది: "మన చేనివి కావు నాయనా. పావగడ అంగట్లో కొన్నివి. మీ ఆంధ్రా పక్క నుంచే వచ్చినాయంట."

రొద్దం దాటుతుంటే సంచి విప్పి నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాను. బాగానే వేగాయి. బయట ఒకాయన కాడెద్దులను నిలబెట్టి ఆకాశం వైపు చూస్తున్నాడు.