టిక్కీ లెక్కల్లో ఎండ ఎక్కడ?

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తాను. మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే తేజా రకం మిర్చి అయినా 334 రకం అయినా కాటా నుంచి లారీ దాకా మోసేది హమాలీలే. కూలి టిక్కీ లెక్కన, అంటే మిర్చి బస్తాకి ఇంత అని. పొద్దున పరుగులు పెట్టిన హమాలీల ముఠా మధ్యాహ్నానికి నీళ్ల డ్రమ్ము చుట్టూ తిరుగుతుంటుంది. రేకుల వేడి ఒక ఎత్తు, చెమట పట్టిన మెడ మీద మిర్చి పొడి ఒక ఎత్తు. గోనెసంచి రాసుకున్నచోట ఎర్రగా కమిలిపోతుంది.

బర్క్, షియాంగ్, మిగెల్ అనే ముగ్గురు 2015లో ‘నేచర్’ పత్రికలో ఒక లెక్క తేల్చారు. ఏడాది సగటు ఉష్ణోగ్రత 13 డిగ్రీల దగ్గర దేశాల ఉత్పాదకత బాగుంటుందట, వేడి పెరిగేకొద్దీ పడిపోతుందట. మనకి సంక్రాంతి చలి కూడా అంత ఉండదు. అలాగని మన రాత ఇంతే అనుకోవాలా? ఏడాదంతా ఉక్కపోసే సింగపూర్ ధనిక దేశమైంది కదా! ప్రధాని కాగానే ముందు ప్రభుత్వ ఆఫీసుల్లో ఏసీలు పెట్టించానని లీ క్వాన్ యూ చెప్పుకున్నాడు. దేశాల కలిమిలేములు అక్కడి వ్యవస్థలని బట్టి ఉంటాయని చూపించినందుకే అసెమోగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లకు 2024లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. కాకపోతే ఏసీ ఫైలు దగ్గరికి వస్తుంది గానీ టిక్కీ దగ్గరికి రాదు.

2030 నాటికి మన దేశంలో 5.8 శాతం పనిగంటలు వేడికే పోతాయని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. అంటే 3.4 కోట్ల ఉద్యోగాలతో సమానం. ఆ గంటలు ఎవరి జేబులోంచి పోతాయన్నదే నా గొడవ. మా కమీషన్ సరుకు విలువ మీద. ముఠా నెమ్మదించినా సాయంత్రానికి సరుకు కదిలితే చాలు, మా పద్దులో పైసా తగ్గదు. నష్టం తగలనివాళ్లు షెడ్డు మార్చమని ఎందుకు అడుగుతారు?

ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని నిషేధం. ఈ సంగతి చెబితే మా ముఠా మేస్త్రి, “బాగానే ఉంది బాబూ, మరి ఆ ఐదున్నర గంటల కూలి ఎవరిస్తారు?” అన్నాడు. నెల జీతాలుంటే ఆ రూలు పనికొస్తుంది. టిక్కీ కూలికి ఎండకాలపు రేటు వేరేగా కట్టాలి, లేదా ఆగిన గంటలకి ఎంతో కొంత ముట్టాలి. మే నెలలో యార్డుకి వేసవి సెలవులిస్తారు. అప్పుడు నా జీతం ఆగదు. వాళ్లలో కొందరికి కోల్డ్ స్టోరేజీల్లో పని దొరుకుతుంది, మిగతావాళ్లు చేబదులు కోసం మా కొట్టుకే వస్తారు.