పచ్చగా ఉన్న కరువు

ఫోటోగ్రఫీ డిప్లొమాలో నాకు మొదటిసారి చప్పట్లు పడిన ఫోటోలో మాయమ్మ ఉంది. నెర్రెలిచ్చిన చెరువు నడిమధ్యలో, ఖాళీ బిందె చంకలో పెట్టుకుని మబ్బుల దిక్కు చూస్తా ఉంటుంది. మబ్బుల దిక్కు చూడమన్నది నేను. బిందె తెమ్మన్నదీ నేనే. "చెరువులోకి బిందె ఎందుకే, మనకు నీళ్లొచ్చేది కొళాయిలో కదా" అని అడిగితే, "నువ్వు ఊరికే నిలబడుమా" అన్నాను.

సార్ చెప్పిన పని: కరువు మీద ఐదు ఫోటోలు. అనంతపురంలో చదివేవాళ్లకు ఇంకేమిస్తారు లెండి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన చూసే జిల్లా, అదీ అడిగినప్పుడు పడేది కాదు. ఆగస్టు చివరి శనివారం కళ్యాణదుర్గం బస్సెక్కి ఊరికి పోయినాను. చెరువుకు పోవాలంటే మా చేని గట్టు మీదుగానే దారి. చెనిక్కాయ చేను పచ్చగా ఉంది. కెమెరా మూత కూడా తీయకుండా దాటిపోయినాను. నాకు కావాల్సింది నెర్రెలు కదా.

ఆ రాత్రి ల్యాప్‌టాప్ ముందు ఫోటో దిద్దడానికి కూర్చున్నాను. లైట్‌రూమ్‌లో క్లారిటీ 60 దాకా తోసినాను, డీహేజ్ పెంచినాను, రంగు సగానికి సగం పీకేసినాను. నెర్రెలు కత్తితో కోసినట్లు తేలినాయి. గట్టు మీద నాలుగు తుమ్మచెట్లు మాత్రం పచ్చగా కనబడి చిరాకు పెట్టినాయి. ఆకుపచ్చ హ్యూను, అంటే రంగు ఛాయను, ఎడమకు లాగితే పసుప్పచ్చగా అవుతుంది, ఆపైన శాచురేషన్ (రంగు చిక్కదనం) తగ్గిస్తే ఎండుగడ్డే. మూడు వారాలు వాన లేకపోయినా ఎండని చెట్లు నా స్క్రీన్ మీద రెండు సెకన్లలో ఎండిపోయినాయి.

క్లాసులో ప్రొజెక్టర్ మీద పడగానే అందరూ నిశ్శబ్దం. "ఇంపాక్ట్ అంటే ఇది" అన్నాడు సార్. ఆ ఊపులో సుభాష్ రోడ్డులో 12x18 ప్రింటు తీయించి, తర్వాతి శనివారం నాయనకు చూపించాలని ఊరికి తీసుకుపోయినాను.

నాయన చేతులు కడుక్కుని వచ్చి, లుంగీకి తుడుచుకుని, ప్రింటు అంచులు పట్టుకుని చూసినాడు. చాలాసేపే చూసినాడు.

"మన చెరువే కదా ఇది?"

"ఊ. కరువు మీద నాయనా."

"నీళ్లు నిలబడిన చోటే నెర్రెలిచ్చేది పాపా. మన చేన్లో నెర్రెలు ఎప్పుడన్నా చూసినావా?"

చూళ్లేదు. మాది గరుసు కలిసిన ఎర్రనేల. ఎండితే గట్టిపడుతుంది, పైన దుమ్మవుతుంది, అంతే. నెర్రెలు నల్లరేగడిలో వస్తాయి, అక్కడ మంచి ఏడాదిలో కూడా ఎండాకాలం వస్తే వస్తాయి. చెరువు మట్టిలో వస్తాయి. "ఈ మట్టినే కదా ఎండాకాలంలో ట్రాక్టర్‌కు ఇంతని ఇచ్చి చేనికి తోలించుకునేది. దీన్ని పట్టుకుని కరువంటావేమి" అన్నాడు. కోప్పడలేదు. నిజంగానే అర్థంకాక అడిగినాడు. ఇరవై ఏండ్లు ఆ ఇంట్లో పెరిగి, కరువు ఎట్లుంటాదో నేను పేపర్లలో ఏప్రిల్ నెల ఫోటోలు చూసి నేర్చుకున్నానన్నమాట.

ఇంకో సిగ్గుచేటు ఏమంటే, ఇట్లాంటి పాఠం నా నోట్సులోనే ఉంది. 1936లో అమెరికాలో దక్షిణ డకోటాలో ఆర్థర్ రోత్‌స్టీన్ అనే ప్రభుత్వ ఫోటోగ్రాఫర్ నెర్రెలిచ్చిన నేల మీద పశువు పుర్రె ఒకటి చూసి ఫోటోలు తీసినాడు. దాన్ని కొన్ని అడుగులు జరిపి ఇంకో చోట కూడా తీసినాడు. అది బయటపడి, ఎన్నికల ఏడాది కావడంతో, కరువును ప్రభుత్వమే కల్పిస్తోందని పత్రికలు రచ్చ చేసినాయి. అక్కడ కరువు నిజమే. జరిపిన పుర్రె వల్ల నిజమైన కరువు మీద కూడా అనుమానం వచ్చింది. సార్ చెప్పినప్పుడు నవ్వుకుంటా రాసుకున్నాను. పుర్రె బదులు నేను మాయమ్మను జరిపినాను.

ప్రింటు మంచం మీద పెట్టి నాయన చేన్లోకి రమ్మన్నాడు. ఒక చెట్టు పీకి చేతిలో పెట్టినాడు. జూలై మొదట్లో విత్తిన కె-6 రకం చెనిక్కాయ. పైన ఆకు పచ్చగానే ఉంది. చెనిక్కాయ పూసేది నేల పైన, కాసేది నేల లోపల. పూత రాలిన చోట నుంచి ఊడ దిగి మట్టిలో దూరితేనే కాయ. ఊడలు దిగే రోజుల్లో వాన ఎగ్గొట్టి పైమట్టి బిగుసుకుపోతే అవి దూరలేవు, గాల్లోనే మొనలు నల్లబడి మాడిపోతాయి. లెక్కపెట్టినాను: 31 ఊడలు. మట్టిలోకి దిగినవి 5. కాయ పట్టినవి 2. రోడ్డు మీద బస్సులో పోయేవాడికి ఇదంతా మంచి పంట.

పచ్చగా ఉన్న కరువును ఎట్లా తీయాల?

ఆదివారం పొద్దున ఆరున్నరకు ట్రైపాడ్ వేసినాను. పొద్దునా సాయంత్రం వెలుగే వెలుగని, మధ్యాహ్నం కెమెరా బ్యాగులో పెట్టేయమని మాకు నేర్పినారు. ఆ వెలుగులో చేను ఎంత అందంగా ఉందంటే, ఏ ఎరువుల కంపెనీ అయినా క్యాలెండరుకు వేసుకుంటుంది. కెమెరా కదిలించకుండా గొడుగు కప్పి, ఒంటిగంటకు మళ్లీ పోయినాను. అదే ఫ్రేము. నీళ్లు చాలని చెనిక్కాయ చెట్టు ఎండకు ఆకులు ముడుచుకుంటుంది. ఒక్కో ఆకులో నాలుగు చిన్నాకులుంటాయి, అవి జతలు జతలుగా చేతులు జోడించినట్లు మూసుకుని వెనకవైపు తెలుపు కనబడుతుంది. పొద్దున మట్టి కనబడని సాళ్ల మధ్య ఇప్పుడు ఎర్రగా నేల తేలింది. తెల్లారేసరికి మళ్లీ విచ్చుకుంటాయి. అంటే కరువు కనబడేదే చెడ్డ వెలుగులో. మంచి వెలుగుకు పోయినవాళ్లకు అది కనబడదు.

పీకిన చెట్టును వేపచెట్టు నీడలో నాయన తెల్ల టవల్ మీద పరిచి తీసినాను. అంత తెలుపు చూసి కెమెరా దాన్ని బూడిద రంగుకు దించింది. ఎక్స్‌పోజర్ ప్లస్ ఒకటికి పెంచితే గానీ టవల్ టవల్‌లా రాలేదు, ఊడల నల్లమొనలు కనబడలేదు. ఎడిటింగ్‌లో వైట్ బ్యాలెన్స్ సరిచేసి వదిలేసినాను. ఆకుపచ్చ స్లైడర్ మీదికి వేలు పోయింది, అబద్ధమెందుకు. ఒక్క నూకు నూకితే అందరికీ అర్థమయ్యేది.

క్లాసులో ఈసారి నిశ్శబ్దం వేరే రకం. "బాటనీ రికార్డు లాగుంది" అన్నారొకరు. "పచ్చగా ఉంది కదా, కరువేది?" అన్నారింకొకరు. క్యాప్షన్ తీసేస్తే ఇది పంట ఫోటో అన్నాడు సార్. ఆయన అన్నదీ తప్పు కాదు, కాబట్టి జవాబు దొరకలేదు. హాస్టల్‌కు పోయినాక దొరికింది, ఎప్పటిలాగే: మొదటి ఫోటోకు క్యాప్షన్ ఎవరూ అడగలేదు, అందుకే అందులోని తప్పు ఎవరికీ తెలియలేదు. క్యాప్షన్ అక్కర్లేని కరువు ఫోటోలంటే నాకిప్పుడు అనుమానం. మార్కులు మాత్రం మొదటిదానికే ఎక్కువ.

రాయదుర్గం దిక్కు నుంచి వచ్చే అబ్బాయి ఒకడున్నాడు, క్లాసులో ఫోటోల మీద చర్చ జరిగేటప్పుడు నోరు విప్పడు. అందరూ పోయినాక తెర దగ్గరికి పోయి టవల్ ఫోటోలో ఊడలు వేలు పెట్టి లెక్కపెట్టినాడు. తర్వాత నా వైపు తిరిగి అడిగినాడు: "మీకు ఇన్సూరెన్సు పడుతుందంటనా?"

వాన సెప్టెంబరు ఆఖరులో పడింది. కాయకు పనికిరాలేదు, కట్టె మాత్రం ఎనుముల మేతకు మిగిలింది. టవల్ ఫోటో ప్రింటు తీసి పంపితే నాయన దాన్ని పాసుబుక్కులు పెట్టుకునే సంచిలో పెట్టుకున్నాడు. చెరువు ఫోటోకు మాయమ్మ ఫ్రేము కట్టించింది. వద్దుమా, అది తప్పు ఫోటో అని ఎంత చెప్పినా వినలేదు. "తప్పో ఒప్పో, చీర బాగా పడింది" అంటుంది. నడింట్లో, క్యాలెండరు పక్కన తగిలించినారు. నాయన రోజూ దాని కిందే కూర్చుని సంగటి తింటాడు. వచ్చిన చుట్టాలు మాత్రం, ఆ చెట్లకు ఏం రోగమొచ్చిందని అడుగుతుంటారంట.