కొండ మీద ఇల్లు, ఎదురుగా సముద్రం
విశాఖ దగ్గర యారాడ వైపు కొండవాలులో ఇల్లు కట్టుకుంటున్న మా తమ్ముడు సముద్రం వైపు గోడంతా అద్దమే కావాలన్నాడు. నేను గట్టిగా వద్దన్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అద్దాలు ఎలా పగిలాయో మర్చిపోతే ఎలా? ఒక్క కిటికీ పగిలితే చాలు, గాలి లోపలికి దూరి రేకుల కప్పును కిందనుంచి ఎత్తేస్తుంది, అందుకే కిటికీలు చిన్నవిగా, బయట షట్టర్లతో పెట్టుకోవాలి, కప్పుకు నాలుగు వైపులా వాలు ఉండాలి, చూరు ఎక్కువ బయటికి రాకూడదు.

అసలు టెన్షన్ ఉప్పుగాలితోనే. అది కాంక్రీటులోకి మెల్లగా చేరి లోపలి ఇనుప చువ్వను తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి స్లాబు పెచ్చులూడుతుంది. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీరంలో చువ్వ మీద కనీసం 45 మిల్లీమీటర్ల కవర్, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం, ఉండాలి, మేస్త్రి 20 చాలన్నా ఒప్పుకోవద్దు. కొండ వైపు మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ గోడకు నీళ్లు పోయే కన్నాలు తప్పకుండా పెట్టించండి, వానలకు నానిన మట్టి బరువంతా దాని మీదే పడుతుంది.