గేట్‌వేకి రెండు శాతం ఇవ్వాలా వద్దా

కొత్తగా ఆన్‌లైన్‌లో అమ్మకాలు మొదలుపెట్టినవాళ్ళు తరచూ అడిగేది ఇదే: "క్యూఆర్ కోడ్ పెట్టుకుంటే ఫ్రీ కదా, కస్టమర్ల దగ్గర ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసి మనకి చేర్చే రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటి పేమెంట్ గేట్‌వేలకి రెండు శాతం ఎందుకివ్వాలి?" న్యాయమైన ప్రశ్నే. 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డుల మీద ఎండీఆర్ (చెల్లింపు తీసుకున్నందుకు వ్యాపారి నుంచి కోసుకునే రుసుము) సున్నా, అంటే డబ్బు చేతులు మారినందుకు వ్యాపారి ఏమీ కట్టక్కర్లేదు. గేట్‌వేలో మాత్రం అదే యూపీఐ మీద ప్లాట్‌ఫాం ఫీజు పేరుతో వసూలు చేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి రేటు కార్డులో మొదట చూడాల్సింది యూపీఐ లైను.

రెండు శాతం అనేది వినడానికి చిన్నదే, కానీ అది అమ్మకం మీద, లాభం మీద కాదు. పచ్చళ్ళు అమ్మేవాళ్ళకి నెట్‌బ్యాంకింగ్‌లో కట్టిన 500 రూపాయల ఆర్డర్ వస్తే ఫీజు 10, దాని మీద 18 శాతం జీఎస్టీ 1.80, మొత్తం 11.80. సరుకు, సీసా, కొరియర్ అన్నీ పోను 75 రూపాయలు మిగులుతాయనుకుంటే అందులో దాదాపు ఆరో వంతు గేట్‌వేకే పోయినట్టు. మామూలు జీఎస్టీలో ఉంటే ఆ 1.80 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కొస్తుంది, చిన్న వ్యాపారులు అమ్మకాల మీద ఒక స్థిర శాతం కట్టే కాంపోజిషన్ పద్ధతిలో ఉంటే అదీ లేదు. అదే 5,000 రూపాయల ఆన్‌లైన్ కోర్సు అమ్మేవాళ్ళు 118 రూపాయల గురించి తల పట్టుకుని కూర్చోవడం దండగ, ఆ టైంలో ఇంకో కోర్సు అమ్ముకోవచ్చు.

మరి ఆ డబ్బు దేనికి ఇస్తున్నట్టు? నన్నడిగితే, ఎవరు ఏ ఆర్డర్‌కి కట్టారో మనం వెతుక్కోనక్కర్లేకుండా ఉండటానికి. క్యూఆర్ పెట్టి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపమంటే రోజుకి నాలుగు ఆర్డర్లున్నంత కాలం హాయిగా నడుస్తుంది, సంక్రాంతి ముందు ఒక్కసారి గిరాకీ పెరిగేసరికి మాత్రం ఒకే మొత్తం ముగ్గురు పంపి ఉంటారు, ఒకరు భర్త ఫోన్ నుంచి కట్టి ఉంటారు, ఇంకొకరి స్క్రీన్‌షాట్ అసలుదో ఎడిట్ చేసిందో తెలీదు, రాత్రి పదకొండింటికి బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని టెన్షన్ పడుతూ కూర్చోవాలి. గేట్‌వే ఉంటే కట్టగానే ఆర్డర్ దానంతటదే పెయిడ్ అని మారుతుంది. ఆ కూర్చునే గంటల ఖరీదు రెండు శాతాన్ని దాటిన రోజు మారండి, అంతకుముందు వద్దు.

రేటు కార్డులో పెద్ద అక్షరాల్లో కనిపించని ఖర్చులు కొన్ని ఉన్నాయి. కస్టమర్‌కి రీఫండ్ ఇస్తే మొత్తం వెనక్కి పంపుతాం, కట్టిన ఫీజు మాత్రం సాధారణంగా మనకి తిరిగి రాదు. సెటిల్‌మెంట్ (గేట్‌వే మన ఖాతాలో డబ్బు వేయడం) టీ ప్లస్ టూ, అంటే అమ్మిన రోజు తర్వాత రెండు పనిదినాలకి అయితే శుక్రవారం అమ్మినది శని, ఆదివారాలు దాటి మంగళవారానికి చేతికొస్తుంది, ఈలోపు నూనె కొట్టువాడు ఆగడు. వెంటనే కావాలంటే దానికి మళ్ళీ వేరే ఫీజు. విదేశీ కార్డుల రేటు ఇంకా ఎక్కువ, అమెరికాలో ఉన్న పిల్లలు కార్డుతో కట్టి ఇక్కడి అమ్మానాన్నలకి సరుకు పంపించే వ్యాపారమైతే ఆ లైను విడిగా చూసుకోవాలి.

"గేట్‌వే మనమే ఒకటి తయారుచేసుకుందాం" అనే ఇంజనీర్ మిత్రులు ప్రతి స్టార్టప్‌లో ఒకరుంటారు. సొంత చెకౌట్ పేజీ వరకు సరే. ఇతరుల డబ్బు వసూలు చేసి పంచే పేమెంట్ అగ్రిగేటర్ కావాలంటే మాత్రం ఆర్‌బీఐ అనుమతి కావాలి, దానికి దరఖాస్తు చేసే నాటికే 15 కోట్ల నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తి) ఉండాలి. 2022 అక్టోబర్ నుంచి కస్టమర్ కార్డు నంబర్ వ్యాపారి దగ్గర దాచుకోవడానికి కూడా లేదు, నంబర్ బదులు వాడే కోడ్, అంటే టోకెన్ మాత్రమే.

నెలనెలా చందా వ్యాపారం చేసేవాళ్ళకి అసలు చిక్కు ఇక్కడే. ఆ టోకెన్లు, ఆటోపే అనుమతులు (నెలనెలా దానంతటదే డబ్బు కోసుకోవడానికి కస్టమర్ ఇచ్చే మాండేట్లు) మొదట పెట్టించిన గేట్‌వేతో ముడిపడి ఉంటాయి, రేపు పావు శాతం తక్కువకి ఇంకొకరు దొరికినా పాత కస్టమర్లందరితో మళ్ళీ ఓటీపీ కొట్టించాల్సి రావచ్చు, అప్పుడు కొంతమంది అక్కడే జారిపోతారు. అందుకే వాళ్ళు రేటు బేరమాడే ముందు, వెళ్ళిపోతే మాండేట్లు మార్చిస్తారా అని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోవాలి.