సర్వర్ ఆగిన రెండు గంటలు

"సిస్టమ్ పనిచేయట్లేదు, కాసేపు కూర్చోండి" అని ఈరోజు మా ఆఫీసు కౌంటర్‌లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

అందరిలో ఒక పెద్దావిడ మాట మాత్రం ఇంకా చెవిలోనే ఉంది. కాగితాలన్నీ నా ముందు పెట్టి, "నేను ఇక్కడే ఉన్నాను కదమ్మా, ఇంకేం కావాలి?" అని అడిగింది. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ తెరమీద ఆవిడ పేరు కనబడందే నేను ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేను.

రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మా సీనియర్ ఒకాయన లేచి, తెల్లకాగితం మీద గీతలు గీసి, వచ్చినవాళ్ల వివరాలు రాసుకోవడం మొదలుపెట్టారు. సర్వర్ వచ్చాక అవే ఎక్కించాం. ఆ ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. మాకు ఎవరూ నేర్పలేదు కూడా.

2024 జులై 19 గుర్తొచ్చింది. ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తప్పు దొర్లి, ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. వేల విమానాలు రద్దయ్యాయి. కొన్ని విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు.

కంప్యూటర్లు వద్దని కాదు. గంటలకొద్దీ వెతికే ఫైలు ఇప్పుడు క్షణంలో దొరుకుతోంది, అది చిన్న విషయం కాదు. కానీ కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చిన ప్రతిసారీ, అది ఆగితే ఏం చేయాలో కూడా అదే రోజు నేర్పాలి కదా!

రేపు మా సీనియర్ దగ్గర కూర్చుని ఆ కాగితం నమూనా రాసుకుంటాను. ప్రతి కౌంటర్‌లో ఒక కట్ట ఉంచమని అడగాలి.